దిమ్మల లోకంలో సత్యం

వాక్యం నిజం కావడమంటే ఏమిటి? బార్వైజ్, ఎచెమెండీల ‘లాంగ్వేజ్, ప్రూఫ్ అండ్ లాజిక్’ పాఠ్యగ్రంథం ఈ ప్రశ్నను గళ్ల పలక మీద పెడుతుంది. తోడుగా వచ్చే ‘టార్‌స్కీస్ వరల్డ్’ సాఫ్ట్‌వేర్‌లో ‘ప్రతి ఘనానికీ ఎడమవైపు ఒక చతుర్ముఖి ఉంది’ అని రాసి, ఒక్క దిమ్మను జరిపితే నిజం కాస్తా అబద్ధమైపోవచ్చు. వాక్యంలో అక్షరం మారలేదు, మారింది లోకం.

పుస్తకంతో వచ్చే మరో సాఫ్ట్‌వేర్ ‘ఫిచ్’ పని వేరు. నిరూపణలో ప్రతి మెట్టూ నియమానికి లోబడిందా అన్నదే చూస్తుంది. ఏ దిమ్మ ఎక్కడుందో దానికి పట్టదు. వాదం చెల్లదని చూపాలంటే మళ్లీ పలక దగ్గరికే రావాలి: ఆధారవాక్యాలన్నీ నిజమై, ముగింపు మాత్రం అబద్ధమయ్యే లోకం ఒక్కటి కడితే చాలు.

అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ చదివినవారికి ఇక్కడొక తేడా తడుతుంది. పొగను బట్టి నిప్పును ఊహించే పంచావయవ వాక్యంలో వంటిల్లనే ఉదాహరణ వాదంలోనే భాగం. ఫిచ్ నిరూపణలో ఉదాహరణకు చోటే లేదు.