గాయం, మత్తు, బాధ్యత

మత్తులో భార్యాబిడ్డలపై చెయ్యి చేసుకున్న మనిషి ఆ దెబ్బకు బాధ్యుడా, కాదా? 'తాగుబోతు, అంతే' అని కొందరు తేల్చేస్తారు. 'పాపం, ఏం బాధ ఉందో' అని మరికొందరు సర్దిచెబుతారు. విషయం అంత తేలికైనది కాదు.

వియత్నాం యుద్ధం నుండి 1971లో తిరిగొచ్చిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. సుమారు అయిదుగురిలో ఒకరు అక్కడ మాదకద్రవ్యాలకు బానిసయ్యామని చెప్పారు. ఆశ్చర్యమేమిటంటే, ఇల్లు చేరాక వారిలో అత్యధికులు మళ్లీ ఆ ఊబిలో పడలేదు. కాని యుద్ధాన్ని మనసులో మోసుకొచ్చిన వారి కథ వేరు. పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, పట్టలేని కోపం! ఈ రుగ్మతను అమెరికా మానసిక వైద్యులు 1980లో గాని అధికారికంగా గుర్తించలేదు. ఆ దశకం చివర్లో జరిగిన సర్వేలో, వియత్నాంలో పనిచేసిన పురుషుల్లో సుమారు 15 శాతం మందికి అప్పటికీ అది ఉంది. తాగుడు, హింస కూడా వారిలోనే ఎక్కువ.

చాలామంది నిద్ర కోసం తాగుతారు. మద్యం త్వరగా నిద్రపుచ్చుతుంది, అర్ధరాత్రి దాటాక ఆ నిద్రనే చెడగొడుతుంది. మర్నాడు చిరాకు, మళ్లీ సీసా. నిత్యం ప్రమాదాన్ని శంకించే మనసుకు మత్తు తోడైతే చేతిని ఆపే వివేకం సడలిపోతుంది. (ఈ రుగ్మత ఉన్నవారిలో ఎక్కువమంది ఎవరినీ కొట్టరు. అందరినీ అనుమానించడం అన్యాయం.)

మద్యం మనుషుల మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని రగిలిస్తుందని దివ్యఖుర్ఆన్ (5:91) హెచ్చరించింది. అయినా, పదేపదే తాగి శిక్ష పొందిన ఒక వ్యక్తిని శపించినప్పుడు దైవప్రవక్త (స) వారించారు. శిక్షను రద్దు చేయలేదు, శాపాన్ని మాత్రం ఆపారు. గాయం అతని తప్పు కాదు. ఆ గాయానికి సీసాను మందుగా ఎంచుకోవడంలో, ఎత్తిన చేతిలో అతని వంతు ఉంది.

దెబ్బలు తినే ఇల్లాలికి 'సబ్ర్ చెయ్యమ్మా' అనే పెద్దలు ఒకటి ఆలోచించాలి. ఆ దృశ్యం చూస్తున్న పిల్లవాడి మనసులో కూడా అదే గాయం పడుతోంది. ముందుగా తల్లీబిడ్డలను సురక్షితమైన చోటికి చేర్చాలి. ఆ తర్వాతే అతని వైద్యం.

తాగుడు మానాకే మనసుకు చికిత్స అనేవారు ఒకప్పుడు. ఇప్పుడు రెండింటికీ కలిపి చేస్తున్నారు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు రావచ్చు, ప్రాణానికే ముప్పు కావచ్చు. కనుక ఒట్టు వేయించి గదిలో పెట్టి తాళం వేయకండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.