దేవదత్తుడు, మిక్కీ మౌస్, ఒక పాత ఆట

1994 చివర్లో వీడియో గేముల మార్కెట్లో ఊపిరాడనంత పోటీ. ‘సోనిక్ అండ్ నకల్స్’, ‘డాంకీ కాంగ్ కంట్రీ’ కొద్ది వారాల తేడాతో వచ్చాయి. డిసెంబరులో జపాన్‌లో ప్లేస్టేషన్ దిగింది. ఆ సందడిలోనే విడుదలైన ‘మిక్కీ మేనియా’ను తర్వాతి కాలం పెద్దగా పట్టించుకోలేదు. మిక్కీ మౌస్ ఆట అనగానే పాతతరం ఆటగాళ్లు 1990 నాటి ‘కాసిల్ ఆఫ్ ఇల్యూజన్’నే తలుచుకుంటారు. ‘మిక్కీ మేనియా’ ఊసు వస్తే దుప్పి తరిమే ఘట్టం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ ఘట్టం బాగుంటుంది, కాదనలేం. మిక్కీ ఆటగాడి వైపే పరుగెత్తుకొస్తుంటాడు, వెనకాల దుప్పి తెరంతా నిండుతూ వస్తుంటుంది. కానీ ఈ ఆటలో అంతకన్నా విలువైనది మరొకటుంది. మనుషులు రెండు వేల ఏళ్లుగా వాదించుకుంటున్న ఒక ప్రశ్న దీని కట్టుబడిలోనే ఇమిడి ఉంది.

బ్రిటన్‌కు చెందిన ట్రావెలర్స్ టేల్స్ తయారుచేయగా సోనీ ఇమేజ్‌సాఫ్ట్ ప్రచురించిన ఆట ఇది. రూపకల్పనలో పాలుపంచుకున్న డేవిడ్ జాఫీ పదకొండేళ్ల తర్వాత ‘గాడ్ ఆఫ్ వార్’తో పేరు తెచ్చుకున్నాడు. ఆడే తీరు సులువే: గెంతాలి, శత్రువుల నెత్తిన దూకాలి, చేతిలో ఉన్న గోలీలు విసరాలి. కథ కూడా అంతే సూటిగా ఉంటుంది. నేటి మిక్కీ తన పాత సినిమాల్లోకి ఒక్కొక్కటిగా అడుగుపెడతాడు. 1928 నాటి ‘స్టీమ్‌బోట్ విల్లీ’, 1933 నాటి ‘ది మ్యాడ్ డాక్టర్’, 1937లో వచ్చిన ‘మూస్ హంటర్స్’, ‘లోన్‌సమ్ గోస్ట్స్’, 1947 నాటి ‘మిక్కీ అండ్ ద బీన్‌స్టాక్’, చివరికి 1990 నాటి ‘ది ప్రిన్స్ అండ్ ద పాపర్’. మొదటి అంకం నలుపు తెలుపుల్లో మొదలవుతుంది. ఆ బూడిద లోకంలో మిక్కీ ఒక్కడే ఎర్ర నిక్కరుతో, రంగుల్లో నిలబడి ఉంటాడు. ముందుకు సాగేకొద్దీ చుట్టూ ఉన్న లోకానికీ రంగు ఎక్కుతుంది.

ఆటలో ‘స్టీమ్‌బోట్ విల్లీ’ పడవ మీదికి వచ్చినవాడూ, ఆ పడవను 1928లో నడిపినవాడూ ఒక్కడేనా?

సమాధానం అంత తేలిక కాదు. తొలి మిక్కీకి చేతి తొడుగులు లేవు, అవి 1929లో వచ్చాయి. కళ్లలో కనుపాపలు ఏర్పడింది 1930ల చివర్లో. వాల్ట్ డిస్నీ స్వయంగా ఇచ్చిన గొంతు 1947లో ‘బీన్‌స్టాక్’ కథ దగ్గరే జిమ్మీ మెక్‌డొనాల్డ్‌కు మారింది. 1990 నాటికి ఆ గొంతు వేన్ ఆల్‌వైన్‌ది. జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ మిక్కీ బొమ్మల కొలతలు తీసి ఒక వ్యాసమే రాశాడు. తలతో పోలిస్తే కంటి పరిమాణం 27 శాతం నుంచి 42 శాతానికి పెరిగిందట. మిక్కీ ఏళ్లు గడిచేకొద్దీ పసివాడవుతూ వచ్చాడు. స్వభావమూ అలాగే మారింది. ‘స్టీమ్‌బోట్ విల్లీ’లో అతను పిల్లిని తోక పట్టుకుని గిరగిరా తిప్పుతాడు, పందిపిల్లల తోకలు లాగి వాటి అరుపులతో పాట కడతాడు. ఇప్పుడు పిల్లల గదుల్లో చిరునవ్వుతో కనిపించే మిక్కీకి ఆ మొరటుతనం జాడ కూడా లేదు. ముఖం, గొంతు, గుణం మూడూ మారాక మిగిలింది పేరేనా?

ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్‌కు ఈ చిక్కు బాగా తెలుసు. 1694లో తన గ్రంథం రెండో ముద్రణకు చేర్చిన అధ్యాయంలో ఒక రాకుమారుణ్ణీ ఒక చెప్పులు కుట్టేవాణ్ణీ తీసుకున్నాడు. రాకుమారుడి ఆత్మ తన జ్ఞాపకాలతో సహా రెండోవాడి శరీరంలో ప్రవేశిస్తే, ఆ మనిషి ఎవరు? రాకుమారుడే అన్నాడు లాక్. వ్యక్తి ఎవరో తేల్చేది శరీరం కాదు, గతాన్ని తనదిగా ఎరిగిన చైతన్యం. సరిగ్గా మూడు వందల ఏళ్ల తర్వాత వచ్చిన ఈ ఆట ముగిసేదీ ఒక రాకుమారుడు, ఒక పేదవాడు తారుమారయ్యే కథలోనే. ఆ సినిమాలో రెండు పాత్రలూ మిక్కీవే: ముఖం ఒకటి, మనుషులు ఇద్దరు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. అయినా లాక్ కొలబద్దను ఇక్కడ పెడితే అది నిలవదు. ఆటలోని మిక్కీకి 1928 గుర్తుండే మార్గమే లేదు. గుర్తున్నది ఆట ఆడుతున్న వ్యక్తికి.

బౌద్ధుల సమాధానం మరోలా ఉంటుంది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండర్‌కూ భిక్షువు నాగసేనుడికీ మధ్య జరిగినట్టు ‘మిలింద పఞ్హ’ అనే గ్రంథం ఒక సంభాషణను చెబుతుంది. పొత్తిళ్లలోని శిశువూ ఈనాటి నువ్వూ ఒకరేనా అని నాగసేనుడు అడుగుతాడు. కాదంటాడు రాజు. అలాగైతే నీకు తల్లీ లేదు, గురువూ లేడు, నేరం చేసినవాడు ఒకడు, శిక్ష పడేది మరొకడికి అని భిక్షువు పట్టుకుంటాడు. తర్వాత దీపం ఉపమానం: తొలి జామున వెలిగిన జ్వాల, కడపటి జామున వెలిగే జ్వాల ఒకటీ కావు, వేరూ కావు. ఒకదాన్ని ఆసరా చేసుకుని మరొకటి పుడుతూ పోయింది. మిక్కీకి ఇంతకన్నా సరిపోయే వర్ణన దొరకదు. ఏ చిత్రకారుడూ ముందటి మిక్కీని చూడకుండా కొత్త మిక్కీని గీయలేదు.

అదే గ్రంథంలో మామిడిపళ్ల దొంగ ఒకడున్నాడు. తోటవాడు నాటిన కాయ వేరు, నేను కోసిన పళ్లు వేరు, నాకు శిక్ష ఎందుకని వాదిస్తాడు. ఆ వాదం చెల్లదని రాజే ఒప్పుకుంటాడు, ఎందుకంటే ఈ పళ్లు పుట్టింది ఆ విత్తునుంచే. మన కాలంలో అమెరికా కాపీరైట్ చట్టం గీసిన గీత వేరు. 2024 జనవరి 1న ‘స్టీమ్‌బోట్ విల్లీ’ అందరి సొత్తయింది, కానీ దాని నుంచి పుట్టిన తర్వాతి మిక్కీల ప్రత్యేక లక్షణాలకు ఆనాటికి రక్షణ అలాగే ఉంది. విత్తు ఊరిది, పళ్లు మాత్రం తోటవాడివి. బొమ్మ విషయంలో ఇలా పంచుకోవచ్చు. మనిషి విషయంలో ఏ న్యాయస్థానమూ ఇలా పంచదు. పాతికేళ్ల నాడు అప్పు తీసుకున్నది వేరే రూపం అంటే ఒప్పుకునే న్యాయమూర్తి లేడు.

వేదాంత ప్రవచనాలు విన్న తెలుగువారికి దేవదత్తుడి ఉదాహరణ పరిచయమే. ఎప్పుడో, ఎక్కడో చూసిన దేవదత్తుణ్ణి ఇప్పుడు, ఇక్కడ చూసి, అతడే ఇతడు అంటాం. ఆనాటి చోటు, కాలం ఒక పక్క. ఈనాటి చోటు, కాలం మరో పక్క. అవి పరస్పరం పొసగవు. ఆ రెండింటినీ వదిలేస్తే మిగిలేది దేవదత్తుడు ఒక్కడే. మిక్కీకి ఇదే పద్ధతి వర్తింపజేస్తే ఏమవుతుంది? 1928 నాటి నలుపు తెలుపులు వదిలేయాలి. 1994 నాటి రంగులూ వదిలేయాలి. గీతలు వదిలేయాలి, గొంతులు వదిలేయాలి. అడుగున ఏమీ మిగలదు. అయినా ‘వాడే వీడు’ అన్న గుర్తింపు మాత్రం చెక్కు చెదరదు. ఆ గుర్తింపు చూసేవాడిలో ఉంది.

శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో, అన్నీ క్షణికమే అనే బౌద్ధ క్షణికవాదులను నిలదీసింది ఇక్కడే. మొదటి జ్వాలకూ రెండో జ్వాలకూ పోలిక ఉందని చెప్పాలంటే రెండింటినీ చూసినవాడు ఒకడుండాలి కదా అన్నది ఆయన ప్రశ్న. బయటి వస్తువు విషయంలో ‘అదేనా, దానిలాంటిదా’ అన్న సందేహం రావచ్చని ఆయన కాదనలేదు. కానీ చూసేవాడికి తన గురించి, నిన్న చూసింది నేనా, నాలాంటివాడా అన్న సందేహం పుట్టదు. ఈ వాదం బలం ‘మిక్కీ మేనియా’ ఆడుతున్నప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. తెర మీద మిక్కీ జ్వాలలాంటివాడే, అతని గురించి ఎన్ని సందేహాలైనా పడవచ్చు. అరవయ్యేళ్ల సినిమాలను ఒకే చేత్తో దాటించుకుంటూ వెళ్లే ఆటగాడికి తన గురించి ఆ సందేహమే రాదు.

అయితే శంకరులతో చివరిదాకా నడవడమూ కష్టమే. ఆయన చెప్పే సాక్షి, అంటే ఆ చూసేవాడు, ఏదీ చేయడు, అతనికి ఏ గుణమూ అంటదు. మరి పిల్లి తోక పట్టుకుని తిప్పిన చేతికి జవాబుదారీ ఎవరు? గుర్తింపుకు సాక్షి కావాలి, నిజమే. కానీ పదిహేనేళ్లప్పుడు ఒకర్ని గాయపరచి, యాభయ్యేళ్లప్పుడు వారి ఎదుట నిలబడిన మనిషికి సాక్షి కన్నా నాగసేనుడి దొంగే ఎక్కువ దారి చూపిస్తాడు. ఇన్నేళ్లలో ముఖం మారి ఉండవచ్చు, స్వభావం నిజంగానే మెత్తబడి ఉండవచ్చు. ఎదుటివారి గాయం ఆ పాత చేతినుంచే వచ్చింది, ఈ చేయి కూడా ఆ చేతినుంచే వచ్చింది. క్షమాపణ అడగవలసింది ఈ చేయే.