ఉప్పులా కరగాలా?

నన్ను అత్తవారింటికి పంపుతూ నాన్న ఒక్క మాటే అన్నారు: "నీళ్ళలో ఉప్పులా కలిసిపోవాలమ్మా." ఆయన అద్వైతం చదువుకున్న మనిషి. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకుచేత నీళ్ళలో ఉప్పు వేయించి, మర్నాడు పైనా మధ్యా అడుగునా రుచి చూపించిన కథంటే ఆయనకు ప్రాణం. నేను వెళ్ళింది గుంటూరులో ఒక లూథరన్ క్రైస్తవుల ఇంటికి. 30 ఏళ్ళయింది. ఆ ఉపమానం మీద నాకు మొదటి అనుమానం ల్యాబులో పుట్టింది.

నా పని పాలిమర్లు కలపడం. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను జీవకణాలు ఇష్టంగా అంటిపెట్టుకుంటాయి, కానీ ఎండితే అది పెళుసు. పాలీకాప్రోలాక్టోన్ చక్కగా సాగుతుంది, నీరంటే దానికి గిట్టదు. గాయం మీద వేసే పొరకు ఇద్దరి గుణమూ కావాలి. మొదటిది పలచని ఎసిటిక్ ఆమ్లంలో కరుగుతుంది, క్లోరోఫాంలో కరగదు. రెండోది క్లోరోఫాంలో ఇట్టే కరుగుతుంది, నీళ్ళలో కరగదు. పోనీ వేడి మీద కలుపుదామంటే పాలీకాప్రోలాక్టోన్ 60 డిగ్రీలకే కరిగిపోతుంది, కైటోసాన్ కరిగేలోపే మాడిపోతుంది. రెండు ద్రావణాలనూ ఒకే బీకరులో పోస్తే క్లోరోఫాం అడుక్కి, నీళ్ళు పైకి. ఆ రెండు పొరల్ని నెలల తరబడి చూశాను.

దారి గాఢ ఎసిటిక్ ఆమ్లంలో దొరికింది. పాలీకాప్రోలాక్టోన్ అందులోనూ కరుగుతుంది. దానికి కైటోసాన్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా చేర్చాలి. నీటి పాలు ఎక్కువైతే పాలు విరిగినట్టు విరిగిపోతుంది. ఆ సాయంత్రం గదంతా వెనిగర్ వాసన. బీకరును దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే ఎక్కడా గీత లేదు. నాన్న చెప్పిన ఉప్పునీళ్ళు ఇవే అనుకున్నాను. గాజు పళ్ళెంలో పోసి ఆరబెట్టాను. ద్రావణి ఆవిరవుతున్నకొద్దీ పొర తెల్లబడింది. మైక్రోస్కోపు కింద చూస్తే ఒకదాని మధ్య ఇంకొకటి దీవుల్లా విడివిడిగా ఉన్నాయి.

దీని కారణం 1974లో నోబెల్ అందుకున్న పాల్ ఫ్లోరీ లెక్కల్లో ఉంది. ఉప్పు రేణువు కరిగితే దాని అయాన్లు ఎటుపడితే అటు చెదిరిపోగలవు. పాలిమర్ గొలుసులో వేల ముక్కలు ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. కలిసినందువల్ల వాటికి దక్కే స్వేచ్ఛ బహు స్వల్పం, అందుకే ఏ కాస్త అయిష్టానికైనా విడిపోతాయి. అది వాటి దుర్గుణం కాదు, వాటి పొడవు.

మనిషి విశ్వాసమూ పొడవాటి గొలుసే. నా వెనక మా నాయనమ్మ కార్తీక దీపాలున్నాయి, అత్తయ్య వెనక మూడు తరాల కీర్తనలున్నాయి. మామయ్యగారు ఆసుపత్రిలో ఉన్న 11 రాత్రులు ఆవిడ ప్రార్థనా నా విష్ణుసహస్రనామమూ ఒకే బెంచీ మీద సాగాయి. ఎవరి మాట ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. ఆయన కోలుకుని ఇంటికొచ్చాక ఎవరి గది వారిదయింది. ఆ కలయిక అబద్ధమేమోనని చాలా ఏళ్ళు బాధపడ్డాను. ఇప్పుడు పడను. ఆ రాత్రుల భయం మా ఇద్దరికీ ద్రావణి. ద్రావణి వెళ్ళిపోక తప్పదు, వెళ్ళాక ఏం మిగిలిందన్నదే ప్రశ్న.

ల్యాబులో ఆ పొరను నిలబెట్టింది మరో పాలిమర్: కైటోసాన్ గొలుసుకే పాలీకాప్రోలాక్టోన్ కొమ్మలు అంటుగట్టినది. కొంచెమే వేశాం. దీవులు మాయం కాలేదు, చిన్నవయ్యాయి. వాటి సరిహద్దులు గట్టిపడ్డాయి. లాగితే చిరగలేదు.

రామానుజులు దీనికి దగ్గరైన మాట ఎప్పుడో చెప్పారు, అపృథక్‌సిద్ధి అని. జీవుడూ ఈశ్వరుడూ ఒకటే అయిపోరు, అయినా విడదీయడం సాధ్యం కాదు. నాన్న ఉండి ఉంటే ఆయనతో వాదించేదాన్ని: ఏకత్వానికి కరిగిపోవడం కొలత కాదు నాన్నా, విడదీయలేకపోవడమే కొలత.

అత్తయ్యకు ఇప్పుడు 84. బైబిలు అక్షరాలు కనబడవు. రోజూ సాయంత్రం ఒక అధ్యాయం నేనే చదివి వినిపిస్తాను. అది అయ్యాక ఆవిడే గుర్తుచేస్తుంది, "పొద్దుపోయిందమ్మా, వెళ్ళి దీపం పెట్టుకో" అని.