ఉత్తరం కూడా అమానతే

ఒక వ్యక్తి మనతో ఏదైనా మాట చెబుతూ అటూ ఇటూ చూశాడంటే, ఆ మాట మన దగ్గర అమానత్ అయిపోయినట్లేనని దైవప్రవక్త (సఅసం) బోధించారు. అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఈ బోధన ఉంది. ‘ఎవరితోనూ అనకండి’ అని అతను నోరు తెరిచి కోరనవసరం లేదు. ఆ చూపే చాలు. ఇంట్లో, సభలో విన్న మాటల విషయంలో మనం దీన్ని కొంతైనా పాటిస్తాం. మరి ఈ-మెయిల్ విషయంలో?

గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఇంటి అప్పుల గురించి రాస్తాడు. కూతురు అత్తవారింటి కష్టం చెప్పుకుంటుంది. ఒక మిత్రుడు తన జబ్బు గురించి సలహా అడుగుతాడు. రాసేటప్పుడు వారు అటూ ఇటూ చూసుకోలేరు. చూసినా వారికి ఎవరూ కనబడరు. కాని ఆ ఉత్తరం చాలా చేతుల మీదుగా వస్తుంది.

మామూలు ఈ-మెయిల్ పోస్టుకార్డు లాంటిది. నేడు చాలా సంస్థలు దారిలో దాన్ని మూసి పంపుతున్న మాట నిజమే. కాని మజిలీకి చేరాక, ఆ సంస్థ కంప్యూటర్లో అది విప్పిన ఉత్తరమే. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే అమెరికన్ ‘పీజీపీ’ అనే సాధనాన్ని రూపొందించాడు. దాని పద్ధతి ఇది: మనం మన తాళాన్ని అందరికీ పంచిపెడతాం, తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉంచుకుంటాం. ఎవరైనా ఆ తాళం వేసి ఉత్తరం పంపవచ్చు, తెరవగలిగేది మనం ఒక్కరమే. అయితే ఉత్తరం లోపలి మాటలు దాగినా, ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారన్నది పైకి కనబడుతూనే ఉంటుంది.

రాసేవారు ఎక్కడి నుండి రాస్తున్నారో దాచడానికి ‘టార్’ అనే వ్యవస్థ ఉంది. అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో 1990లలో పుట్టిన ఆలోచన ఇది. ఉల్లిపాయ పొరల్లా సందేశం మీద పొరలు చుట్టి, సాధారణంగా మూడు కంప్యూటర్ల గుండా పంపుతారు. ఒక్కొక్కటీ తన ముందున్న దాన్ని, వెనకున్న దాన్ని మాత్రమే ఎరుగుతుంది. మొత్తం దారి ఏ ఒక్కదానికీ తెలియదు.

కాని ముఖం మీద పరదా వేరు, ఉత్తరానికి తాళం వేరు. 2007లో స్వీడన్‌కు చెందిన డాన్ ఎగర్‌స్టాడ్, టార్ చివరి మజిలీ కంప్యూటర్లను తానే నడిపి, వాటి గుండా తాళం లేకుండా వెళుతున్న సమాచారాన్ని గమనించాడు. భారత రాయబార కార్యాలయాలతో సహా పలు దేశాల కార్యాలయాల ఈ-మెయిల్ పాస్‌వర్డులు అతనికి దొరికాయి. వాటిని వాడినవారు తాము భద్రంగా ఉన్నామనుకున్నారు. పరదా ఉంది గాని, తాళం లేదు.

‘తప్పు చేయనివారికి దాపరికం ఎందుకు?’ అని కొందరు అడుగుతారు. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 12వ ఆయతులో ఇతరుల రహస్యాలను ఆరాతీయడాన్ని నిషేధించింది. నూర్ సూరా 27వ ఆయతులో అనుమతి కోరి, సలాం చేయనిదే పరాయి ఇళ్ళలో అడుగు పెట్టవద్దని ఆదేశించింది. ఈ ఆదేశం పాపుల ఇళ్ళకే పరిమితం కాదు. తలుపు వేసుకున్న కారణం చెప్పమని ఇంటివారిని ఎవరూ అడగలేదు. సంజాయిషీ ఇవ్వవలసింది లోపలికి తొంగిచూసేవాడే. మన దేశ సర్వోన్నత న్యాయస్థానం కూడా 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. పైగా ఉత్తరం మన ఒక్కరిది కాదు. ‘నాకు దాపరికం లేదు’ అని మనం అనవచ్చు గాని, మనల్ని నమ్మి రాసినవారి తరఫున ఆ మాట అనే అధికారం మనకెక్కడిది?

మరి ఈ పరదా చాటున దుర్మార్గులూ దాక్కోరా? దాక్కుంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టివేయలేం. అందుకే మనం ఒక గీత గీసుకోవాలి. అమానత్‌ను కాపాడటానికి తలుపు మూయడం ధర్మం. పేరు దాచుకుని ఒకరిపై నింద వేయడం, మోసగించడం, బెదిరించడం పరదా కాదు, పిరికితనంతో చేసే జుల్మ్. తలుపు చాటున నేరం జరిగిందన్న ఆధారం ఉంటే, దాన్ని చట్టప్రకారం తెరిపించే మార్గం ఉంది. ఎవరో ఒకరు నేరం చేస్తారేమోనని ఊళ్ళోని తలుపులన్నీ ఊడబీకడం న్యాయం కాదు.

ఇక మన ఇళ్ళ సంగతి చూసుకుందాం. భార్య ఉత్తరాలు భర్త, భర్తవి భార్య దొంగచాటుగా చదవడం ప్రేమ అనిపించుకోదు. పిల్లల బాధ్యత తల్లిదండ్రులదే, కాని ఆ పర్యవేక్షణ పిల్లలకు చెప్పి చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం మరొకటుంది. ఎంత గట్టి తాళమైనా దారిలోని దొంగనే ఆపుతుంది. ఉత్తరం అందుకున్నవాడు దాన్ని పదిమందికి పంపితే ఏ తాళమూ ఆపలేదు. అక్కడ ఆపగలిగేది తఖ్వా మాత్రమే. మన చేతి వేలు ‘ఫార్వర్డ్’ మీదికి వెళ్ళేటప్పుడు, రాసినవారు అటూ ఇటూ చూస్తున్నట్లు ఊహించుకుందాం.

మనుషుల కంటపడకుండా ఎన్ని పొరలు చుట్టినా అల్లాహ్ దృష్టికి అడ్డు లేదు. మన కర్మల్ని రాసే దూతల దగ్గర ఏ రహస్య లిపీ చెల్లదు. ఇతరుల రహస్యాలను అమానత్‌గా కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.