మూడు పుడిసిళ్ల నీళ్లు

మాది గుంటూరు లూథరన్ కుటుంబం. నెలల పిల్లగా ఉన్నప్పుడే అయ్యగారు నా నెత్తిన మూడు పుడిసిళ్ల నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారు. చెవిలోకి నీళ్లు జారి గుక్కపట్టి ఏడ్చానట. మెట్టినిల్లు ఒంగోలు, గట్టి బాప్టిస్టులు. పెళ్లయిన కొత్తలోనే అత్తయ్య తేల్చేశారు: "అది చిలకరింపమ్మా. ముంచితేనే బాప్తిస్మం."

ఆవిడ పట్టుదలకు మూలం గుండ్లకమ్మలో ఉంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఆ ఏట్లో 2,222 మంది మునిగి లేచారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ముంచారు. అంతకుముందు కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు పట్టి జనానికి కూలి చూపించాడు. కూలికోసం కలిశారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ జూలైలో ఏటికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరబావి తాకనివ్వని మనుషులు నిండా నీళ్లలోకి దిగారు. వాళ్లకు పుడిసెడు నీళ్లు ఎలా సరిపోతాయి? బాప్తిస్మాన్ని సమాధితో పోల్చే రోమా పత్రిక మాట కంటే నాకు ఈ వాదమే బలంగా తోస్తుంది.

అయితే పెంతెకొస్తు నాడు పేతురు చెప్పింది ఆత్మ కుమ్మరింపు గురించి. ఆ కుమ్మరింపు కోసం రాత్రంతా మోకరించే అత్తయ్యకు పోయడమంటే చులకన! తొలినాటి సంఘాల పద్ధతులు చెప్పే 'డిడాకే' ఇంత పట్టు పట్టదు. పారే నీళ్లు మేలు, లేకపోతే వేరే నీళ్లు, అవీ చాలకపోతే తలమీద మూడుసార్లు పోయమంటుంది. మంచం పట్టినవాళ్లకు పోసిన నీళ్లూ చెల్లుతాయని మూడో శతాబ్దంలోనే కార్తేజి బిషప్పు సిప్రియన్ రాశాడు.

అత్తయ్య అన్నగారు ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ఉండి బాప్తిస్మం అడిగారు. తొట్టిలోకి దించే వీల్లేదు. పోయమందామా అన్నాను. "సిలువ మీది దొంగకు ఎవరిచ్చారు? దేవుడు మనసు చూస్తాడు" అన్నారావిడ. నీళ్లే అక్కర్లేనప్పుడు నా నీళ్లెందుకు చాలవని అడిగాను.

"నీకు నడిచే కాళ్లున్నాయిగా!"

నేను మునగడానికి వెళ్లలేదు. మనిషి తనంతట తాను నడిచొచ్చి దిగడం ఆవిడకు ముఖ్యం. నడకే రాని, ఏమీ అడగని పసిదానిమీద నీళ్లు పడటం నాకు ముఖ్యం. రెండోసారి తీసుకుంటే ఆ మొదటిది దేవుడి లెక్కలో లేదని నేనే ఒప్పుకున్నట్టు.