త్రాసును దయయును

ప్రాణమునకు వెల గట్టరాదని పెద్దలందురు. ఆ మాటయందలి దయను మేమును గౌరవింతుము. అయినను ప్రజారోగ్యమునకై ధనము వెచ్చించువారు, ఒప్పుకొన్నను ఒప్పుకొనకున్నను, ప్రతిదినమును ప్రాణములను తూచుచునే యున్నారు. ఒక యూరికి వైద్యుని బంపి మఱియొక యూరికి బంపకుండుటయు నిర్ణయమే కదా! కావున తూచవచ్చునా యని యడుగుటకంటె, కన్నులు తెఱచి తూచుదుమా, మూసికొని తూచుదుమా యని యడుగుట మేలు.

ఈ విషయమున గృహిణులకు శాస్త్రజ్ఞులు క్రొత్తగా నేర్పవలసినది స్వల్పము. పండుగకు పట్టుచీర కొన్న యింట ఆ నెల పాలవాని బాకీ నిలిచిపోవును. చీరకు వెల రూకలు మాత్రమే కాదు. పిల్లలు త్రాగని పాలును దాని వెలయే. దీనినే అర్థశాస్త్రజ్ఞులు అవకాశవ్యయ మందురు. ఇంట మనమెల్లరము నెఱిగిన యీ న్యాయమును రాజ్యమునకు వర్తింపజేయగనే అది నిర్దయగా దోచుట వింత.

2007వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పథకమును మొదట మూడు జిల్లాలలో నారంభించెను. భూమి తాకట్టు పెట్టకయే పేదవాడు పెద్ద యాసుపత్రిలో శస్త్రచికిత్స పొందగల్గుట గొప్ప మేలు. దానిని తక్కువ చేయుట మా యుద్దేశము గాదు. అయినను ఆసుపత్రికి బోయిన రూక పల్లెలోని ఆరోగ్యకేంద్రమునకు బోదు. గుండె చెడిన పిమ్మట చేయు చికిత్సకు ధనముండి, రక్తపుపోటును ముందుగా కనిపెట్టుటకు లేకపోయినచో ఆ లెక్క యెచ్చటనో తప్పినదన్నమాట. మంచముమీది రోగికి ముఖమున్నది. అతని ఛాయాపటము పత్రికలలో బడును. రాబోవు రోగమును దప్పించుకొన్నవానికి ముఖము లేదు. తాను దప్పించుకొంటినని వానికే తెలియదు. కృతజ్ఞత చెప్పువాడు లేని మేలు చేయుటకు ప్రభుత్వములు వెనుదీయుట సహజము. ఆ కనబడనివాని పక్షమున మాటలాడునది లెక్క యొక్కటియే.

ఎక్కువ వెలగల చికిత్సయే ఎక్కువ మేలు చేయుననుటయు భ్రమ. 1971లో తూర్పు బంగాళమునుండి వచ్చిన శరణార్థులలో కలరా వ్యాపించినప్పుడు, బనగాఁ వద్ద నరముల కెక్కించు ద్రవము చాలకపోయెను. దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పును గ్లూకోజును సోడాయుప్పును గలిపిన నీటిని త్రాగించెను. నూటికి ముప్పదిమంది వఱకు చనిపోవుచున్న చోట ఆ సంఖ్య నాలుగునకు లోబడెను. త్రాగించినవారు తల్లులును బంధువులును. ఇంత స్వల్పవ్యయముతో నన్ని ప్రాణములు నిలిపిన యుపాయములు అరుదు.

మఱియొక న్యాయము గలదు. టీకా వేయించుకొన్నవాడు తన్ను మాత్రమే గాక పొరుగువానినిగూడ రక్షించును. కాని సొంత లాభమునే చూచుకొనువాడు పొరుగింటి లాభమును లెక్కింపడు. అందుచే అంగడికి వదలినచో టీకాలు సంఘమునకు వలసినన్ని యెన్నడును అమ్ముడుపోవు. మనదేశమున 1975లోను, లోకమంతట 1980 నాటికిని మశూచి యంతరించుట, ఊరందఱి వ్యయమును ఊరందఱును భరించుటచేతనే సాధ్యమయ్యెను.

అయినను త్రాసునకును దోషము గలదు. ప్రాణమును కూలితో గొలిచినచో ముసలమ్మకును అంగహీనునకును విలువయే యుండదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీరు త్రాగి యెముకలు వంగినవారిని దలంపుడు. దూరపు పల్లెలకు మంచినీరు దెచ్చుట తలకింత యని లెక్కించిన నగరపు కుళాయికంటె ప్రియమే కావచ్చును. అంతమాత్రమున దానిని మానవచ్చునా? వారు తమ తప్పు లేకయే చెడిపోయిరి. వారికి మనము చెల్లింపవలసినది దానము గాదు, ఋణము. ఋణము దీర్చునపుడు లాభమెంత యని యడుగుట ధర్మము గాదు. తక్కువ వ్యయముతో త్వరగా దీర్చు మార్గమేది యని మాత్రమే యడుగవలెను.

శిబిచక్రవర్తి కథలో దయయును త్రాసును గలసియే యున్నవి. పావురమునకు సరితూగు మాంసము నిత్తునని యాతడు త్రాసు దెప్పించెను. కాని రెండవ తట్టలో వేసినది తన మాంసమును. నేడు పద్దులు వ్రాయువారు తూచునది ఇతరుల మాంసము. అందుచే వారికి మఱింత భయము, మఱింత నిజాయితీ వలయును. తన బిడ్డ యే పల్లెలో పుట్టునో యెఱుగనివానివలె త్రాసు పట్టవలయును.

చదువరులు చేయదగిన పనియు నొకటి యున్నది. మీ యూర క్రొత్త యాసుపత్రి మేడకు శంకుస్థాపన జరుగునపుడు సంతోషింపుడు. సంతోషించి, ఈ ధన మిచ్చట వెచ్చింపకున్న నెచ్చట వెచ్చించియుందురని సభలో నొక్కసారి యడుగుడు. అడుగువారు లేనంతకాలము జవాబు చెప్పువారును ఉండరు.