రుద్రాక్షధారణము

హాలియాలో ఒక భక్తుడు దాసోహమునకు ఉంచిన ధాన్యమమ్మి, పైగా అప్పు చేసి కొనిన ఏకముఖి రుద్రాక్షను నాకు చూపెను. చూడగా, తక్కిన గాడులు అరగదీసి ఒక్కటి మిగిల్చిన గింజ!

రుద్రాక్ష యనగా నీలిరంగు పండులోని టెంక. దానిపై నిలువుగా సాగు గాడులే ముఖములు. పంచముఖులే మెండుగా కాయును; కనుకనే వాని వెల స్వల్పము. వెల తగ్గిన మహిమ తగ్గునా? అష్టావరణములలో గురు లింగ జంగమములతోబాటు స్థానమున్నది రుద్రాక్షకు. అంగడి ధరకు కాదు. కాయకమున ఆర్జించినది దాసోహమునకు వెచ్చింపుమన్న బసవేశ్వరుని బాట యేమైనది?

తండ్రి ధరించిన పంచముఖిమాల ఆ యింటనే చిలుకకొయ్యకు వ్రేలాడుచుండెను. దానిని కడిగి, విభూతి పూసి, ఇష్టలింగపూజవేళ ధరింపుమంటిని.

“అప్పు మాటేమి, పంతులుగారూ?” అనెను.

కాయకము చేసి తీర్చుకొనుమంటిని.